ఓడిపోయిన రోజున దక్కిన గ్రౌండు

డ్రిల్లు టీచరంటే బళ్లో అందరికీ కాస్త అలుసే. లెక్కల మాస్టారు సెలవు పెడితే ఆయన పీరియడ్ మనకిస్తారు. ఆయన తిరిగొచ్చి సిలబస్ కాలేదంటే మన పీరియడ్ ఆయనకిస్తారు. ముప్పై ఒక్క ఏళ్లు ఈ వరస చూసి చూసి రిటైరయ్యాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఈ మధ్య నల్లపాడులో మా ఇంటికొచ్చి, "మేడం, మీ సర్వీసు మొత్తంలో మీరు గెలిచిన పెద్ద ఆట ఏది?" అని అడుగుతున్నారు. కప్పుల సంగతో షీల్డుల సంగతో చెబుతానని వాళ్ల ఆశ. నేను చెప్పేది మాత్రం మన దేశం జట్టు ఓడిపోయి ఇంటిదారి పట్టిన రోజు సంగతి. వినండి, మీకూ పనికొస్తుంది. ముఖ్యంగా నాలాగా నోటి దురుసు ఉన్నవాళ్లకు.

నా ఆఖరి పోస్టింగు గుంటూరు నుంచి చీరాల వెళ్లే దారికి కాస్త లోపలగా ఉన్న ఒక ఊరి హైస్కూల్లో. అంతకు ముందు కనిగిరి వైపు చేశాను, అక్కడ గ్రౌండులో గడ్డి కంటే రాళ్లెక్కువ. ఇక్కడ రాయి కనపడదు, అంతా నల్లరేగడి. వానొస్తే కాలు మడమ దాకా దిగుతుంది, ఎండలు ముదిరితే కాలు ఇరుక్కునేంత నెర్రెలు. చేరిన ఏడాదే కనపడ్డవాళ్లందరి కాళ్లావేళ్లా పడి ఎర్రమట్టి తోలించాను. రోడ్డు పనికొచ్చిన రోలరు డ్రైవరుకు టీలు, పకోడీలు పెట్టించి రెండు పూటలు తిప్పించాను. గ్రౌండు నున్నగా, గట్టిగా తయారైంది. నా అంతటిదాన్ని నేనే అనుకుని మురిసిపోయాను. నేను చేసిన మొదటి తప్పు అదే.

ఎందుకంటే మిరపకాయలు ఎండబెట్టడానికి అంతకంటే మంచి చోటు ఆ చుట్టుపక్కల లేదు. కోసిన కాయ ఎండాలంటే కల్లం గట్టినేల మీద ఉండాలి, చదునుగా ఉండాలి, గొడ్లు రాకుండా గోడ ఉండాలి, ట్రాక్టరు లోపలిదాకా రావాలి. ఇవన్నీ నా గ్రౌండుకే ఉన్నాయి. ఆ మరుసటి ఏడు నుంచి కోతలు మొదలైతే చాలు, ఈ గోలుపోస్టు నుంచి ఆ గోలుపోస్టు దాకా ఎర్రగా కాయలే. బడి పిల్లలు ఎండాకాలం సెలవుల దాకా వరండాలో క్యారమ్సు ఆడుకునేవాళ్లు. కాయలు ఎత్తేశాక కూడా గాలి వీస్తే ఘాటు లేచేది. మా గోల్‌కీపరు బంతి పట్టడం కంటే తుమ్మడం ఎక్కువ చేసేది.

అవును, మాకు ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు ఉంది. పద్నాలుగు మంది. అందులో పది మంది తల్లులు మిర్చి కోతలకు, రంగు పోయిన తాలు కాయలు ఏరడానికి పోయేవాళ్లే. గోల్‌కీపరు తల్లి ఆ కూలీల ముఠాకు మేస్త్రి. ఏ రైతు చేలోకి ఎంతమంది వెళ్లాలి, ఎన్ని గంటలకు దిగాలి, ఎప్పుడు లేవాలి, అన్నీ ఆవిడ మాట మీదే నడుస్తాయి. ఊరంతా మేస్త్రమ్మ అంటారు, నేనూ అలాగే అంటాను.

ఆ ఏడు ఏప్రిల్లో చీరాలలో ఆడపిల్లల పోటీలు పెట్టారు. మా పిల్లలు ఊరు దాటి ఆడబోయే మొదటి పోటీ అది. సగం మంది పదో తరగతి అంచున ఉన్నారు. ఇప్పుడు వెళ్లకపోతే ఆ తర్వాత వాళ్లు బంతి ముట్టేది లేదు, తల్లుల వెనకాల ఆటో ఎక్కి కోతలకు పోవడమే. నాకు తెలుసు, అలా ఎక్కిన పిల్లల్ని చాలామందిని చూశాను. అందుకని మొదటి కోతకు హెడ్మాస్టరు గారిని బతిమాలి గ్రౌండు ఇవ్వకుండా ఆపించాను. ఆ కాయల్ని బడి గోడ పక్క ఖాళీ స్థలంలో పోసుకున్నారు. రెండో కోతకు అది చాలదని స్కూలు కమిటీ పెద్దాయన మీటింగు పెట్టించాడు.

ఆయన చెడ్డవాడేం కాదు. గోలుపోస్టులకు వలలు కొనిపెట్టింది ఆయనే. కానీ ఆ ఏడు కాయ విరగకాసింది, మబ్బులు కమ్మినప్పుడల్లా ఆయనకు గుండె దడ.

"మేడం గారూ, బంతాట ఎప్పుడైనా ఆడుకోవచ్చు. కాయ తడిస్తే నా గతేంటి? అయినా ఆడపిల్లలకి ఫుట్‌బాలేందండీ, దేశం జట్టుకే దిక్కు లేదు" అన్నాడు.

మన దేశం ఆడపిల్లల జట్టు అప్పుడే ఆసియా పోటీలకు వెళ్లింది. అది నాకు తెలుసు, ఆయనకు తెలియదు. నాకు ఒళ్లు మండింది. ఒళ్లు మండినప్పుడు నేను మాట్లాడే మాటలు నా చెవిన పడేసరికి ఆలస్యమైపోతుంది.

"దిక్కు లేదా? మన పిల్లలు ఇప్పుడు ఆసియా పోటీల్లో ఉన్నారండీ. వాళ్లు మొదటి దశ దాటకుండా తిరిగొస్తే మీ కాయలు గోలుపోస్టుల్లో కూడా పోసుకోండి. గేటు నేనే తీస్తాను. నోరు మెదపను" అన్నాను.

"మాటేనా?"

"మాటే."

హెడ్మాస్టరు గారు దగ్గారు. ఆయన దగ్గు అర్థం నాకు ఇంటికెళ్లాక తెలిసింది. నా పిల్లల గ్రౌండును తీసుకెళ్లి, నేను ఏనాడూ కళ్లారా చూడని పదకొండు మంది కాళ్ల మీద పెట్టాను.

మర్నాటికి సంగతి జట్టుకు తెలిసిపోయింది. మేస్త్రమ్మ కూతురు బంతి చంకలో పెట్టుకుని నా ముందుకొచ్చి, "మేడం, మా గ్రౌండు పందెం కాశారంట. మమ్మల్ని ఒక్క మాట అడగొచ్చుగా" అంది. సిగ్గేసింది. "గెలుస్తారులే" అన్నాను.

మొదటి ఆట గోడ పక్క కల్లంలో చూశాం. మేస్త్రమ్మ ముఠా అక్కడ పరదా నీడన కూర్చుని తాలు కాయలు ఏరుతున్నారు. కూతురు ఆవిడ ఫోనునే బుట్టకు ఆనించి పెట్టింది. ఆడవాళ్లు పాతిక మంది. మొదట్లో ఎవరూ తలెత్తలేదు. కాసేపటికి ఒకామె, "ఆ నీలం చొక్కాల వాళ్లేనా మనోళ్లు? మన పిల్లల్లాగే ఉన్నారే" అంది. అంతే, చేతులు కాయల్లోనే ఉన్నాయి, కళ్లు ఫోనులో ఉన్నాయి. సమంగా నడిచిన ఆట ఆఖరి నిమిషాల్లో చేజారింది. ఆ పూట ఏరిన కాయల్లో తాలు అలాగే మిగిలిపోయిందని పెద్దాయన తర్వాత గొడవ పెట్టుకున్నాడు.

ఆదివారం చర్చిలో పాస్టరు గారు వాన రాకూడదని, మన ఆడపిల్లలు గెలవాలని ఒకే ప్రార్థనలో అడిగారు. వాన రాలేదు. రెండో ఆటలో మాత్రం ఉతికి ఆరేశారు. ఎన్ని గోల్సు పడ్డాయో చెప్పను. సగంలోనే మేస్త్రమ్మ, "లెక్క ఆపండే, ఆటయినా సక్రమంగా చూద్దాం" అంది. పెద్దాయన బడి ముందు నుంచి బండి మీద వెళుతూ నాకేసి చూసి నవ్వాడు.

మొదటి దశలో ఆఖరిదైన మూడో ఆట గెలిస్తే ఇంకా ముందుకు పోయే దారి ఉంది. ఒంటిపూట బడులు మొదలయ్యాయి కాబట్టి మధ్యాహ్నానికి తరగతులు ఖాళీ. హెడ్మాస్టరు గారిని అడిగి తొమ్మిదో తరగతిలో డిజిటల్ బోర్డు మీద ఆట పెట్టించాను. జట్టు పిల్లలు బెంచీల మీద కూర్చున్నారు. ఇంతలో మేస్త్రమ్మ ముఠా మొత్తం వచ్చింది, ఊరికే రాలేదు, పని ఆగకుండా కాయల బుట్టలతో సహా వచ్చింది. నేల మీద గోనెపట్టాలు పరిచి, బుట్టలు బోర్లించి, చేతులతో కాయలేరుతూ బోర్డు కేసి చూస్తున్నారు. హెడ్మాస్టరు గారు తుమ్ముతూ వెళ్లి కిటికీ పక్కన నిలబడ్డారు.

నాకు కుదురుగా కూర్చోవడం చేతకాదు. వాళ్ల మధ్యన నేల మీద చతికిలబడి, చేతులకేదో పని కావాలని ఒక్కో కాయ తీసి తొడిమ తుంచడం మొదలుపెట్టాను.

మనవాళ్లు ముందు ఒక గోలు తిన్నారు. సగం ఆట లోపలే సమం చేశారు. ఆ గోలు పడ్డప్పుడు లేచిన అరుపుకు రోడ్డు మీద పోయే ఆటో ఆగింది. మా గోల్‌కీపరు బెంచీ ఎక్కి గంతులేస్తుంటే తల్లి తిట్టలేదు, ఆవిడ కూడా మోకాళ్ల మీద లేచి నిలబడి ఉంది. రెండో సగంలో మన పిల్ల ఒకతి ఒంటరిగా బంతి తీసుకుని గోలు ముందుకు వచ్చేసింది. కీపరు పడిపోయి ఉంది. ఎదురుగా ఖాళీ గోలు. ఆ పిల్ల బంతిని పైకి లేపేసింది. గోలు పైకొయ్య మీదుగా వెళ్లి ఎక్కడో పడింది.

ఆ తర్వాత రెండు గోల్సు తిన్నాం. విజిల్ పడింది. నీలం చొక్కాల పిల్లలు ఎక్కడివాళ్లక్కడ నేల మీద కూలబడ్డారు. మా తరగతి గదిలో జట్టు పిల్లల్లో ఇద్దరు ఏడుస్తున్నారు. ఆడవాళ్లు కూడా కళ్లు తుడుచుకుంటున్నారు, అయితే వాళ్లు మోచేతి వంపుతో తుడుచుకుంటున్నారు. నేను ఆ తేడా గమనించలేదు. నా కన్నీళ్లు నాకున్నాయి. రెండు చేతులతో రెండు కళ్లూ గట్టిగా తుడుచుకున్నాను.

గంట సేపు మిరపకాయ తొడిమలు తుంచిన చేతులవి.

నేను పెట్టిన కేక ఆ రోజు ఆటలో పడ్డ ఏ గోలుకూ ఎవరూ పెట్టి ఉండరు. కుండెడు నీళ్లు కుమ్మరించారు. ఎవరో చద్దన్నంలోకి తెచ్చుకున్న మజ్జిగ కళ్లలో పోశారు. మేస్త్రమ్మ నా తలను ఒళ్లో పెట్టుకుని పైట చెంగు తడిపి అద్దుతూ, "ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినావిడకి మిరగాయ చేత్తో కళ్లు తుడుచుకోకూడదని తెలవదా టీచరమ్మా!" అంది. ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకొకరు అందుకున్నారు. కాసేపటికి గదంతా పడీ పడీ నవ్వుతోంది, ఏడుస్తున్న పిల్లలతో సహా. నాకు ఏమీ కనపడటం లేదు, కానీ అన్నీ వినపడుతున్నాయి. అప్పుడు మొదలైంది అసలు మాట.

"ఆ కీపరు పిల్లని ఏమీ అనమాకండే. దాని ముందున్న నలుగురూ నిలబడి చూస్తన్నారు, ఒక్కతే ఏం చేసుద్ది?"

"చూస్తా నిలబడలా. కాళ్లు పీకినయ్యి వాళ్లకి. మూడో సాలు కాడికి వచ్చేసరికి మనకి మటుకు పీకవా?"

"పీకితే పక్కనున్నది అందుకోవాల. మనం ఎట్టా చేస్తాం? ఒకత్తి వెనకబడితే అటూ ఇటూ ఉన్నోళ్లు దాని సాల్లో కూడా నాలుగు చెట్లు కోసుకుంటా పోతాం. అప్పుడు గదా అందరం ఒకేసారి గట్టెక్కేది. వాళ్లు ఎవరి సాలు వాళ్లే చూసుకున్నారు."

"వాళ్లకి మధ్యలో నిలబడి అరిచే మనిషి లేదే. మేస్త్రి లేని ముఠా అది."

"అదంతా సరే, ఆ ఖాళీ గోలు! నేల మీద తోస్తే దొర్లుకుంటా పోయేదాన్ని ఆకాశానికి కొట్టింది. కళ్లు లేవా దానికి?" ఇది మేస్త్రమ్మ. ఆ ఒక్క బంతిని ఆవిడ క్షమించలేకపోయింది.

నేను మజ్జిగ కారుతున్న మొహంతో లేచి కూర్చున్నాను. వెనకబడినవాళ్ల చోటును పక్కవాళ్లు కాచుకోవాలని పిల్లలకు చెప్పడానికి బోర్డు మీద నేను గీసిన బాణాలకు, సున్నాలకు లెక్క లేదు. ఏ ఒక్కరికీ ఎక్కలేదు. వీళ్లు మూడు ఆటలు చూసి, మిరపచేను సాళ్లలో పెట్టి చెప్పేశారు. "వినండే, మీ అమ్మలు చెప్పేది వినండి" అన్నాను పిల్లలతో. వాళ్లు నిజంగానే వింటున్నారు.

అంతలో మేస్త్రమ్మ అడిగింది. "అయితే టీచరమ్మా, గ్రౌండు పోయినట్టేగా?"

"పోయినట్టే. మాటిచ్చాను. తప్పు నాదే" అన్నాను. పిల్లల మొహాలు చూసే ధైర్యం లేకపోయింది. కళ్లు మండటం ఒక సాకుగా దొరికింది.

ఆవిడ బుట్ట నెత్తికెత్తుకుని, "పదండే, పొద్దుపోతంది" అని ముఠాను తీసుకుని వెళ్లిపోయింది. ఓదార్పుగా ఒక్క మాటైనా అంటుందనుకున్నాను. బస్సులో ఇంటికెళ్తూ దారంతా నన్ను నేను తిట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఏడు గంటలకల్లా బడి గేటు ముందు ట్రాక్టరు ఉంది. ట్రక్కు నిండా రెండో కోతవి, ఇంకా ఎండని పండుమిరపకాయల బస్తాలు. పెద్దాయన తెల్లచొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. మాటంటే మాటే కాబట్టి తాళం నేనే తీశాను, రెండు రెక్కలూ బార్లా తెరిచి పక్కకు తప్పుకున్నాను. రెండు ఆటోల్లో మేస్త్రమ్మ ముఠా దిగింది. దిగి, ప్రహరీ గోడ వెంబడి వరసగా కూర్చుంది.

"కూర్చున్నారేందమ్మా, ఎండెక్కకముందే దించండి" అన్నాడు పెద్దాయన.

"ఈడ దించం అయ్యా" అంది మేస్త్రమ్మ.

"ఏంది?"

"ఈ గ్రౌండులో కాయ పోయం. మీ చేను గట్టున జాగా ఉంది, పట్టలేసి అక్కడ పోస్తాం. పొద్దుగూకితే మేమే కుప్పజేసి కప్పి వస్తాం. కాపలా ఒక్కటి మీరు చూసుకోండి."

"మీ టీచరమ్మే ఒప్పుకుంది గదా! పందెం ఓడిపోయారు. గేటు కూడా ఆవిడే తీసింది."

"ఆమె మాటిచ్చింది, గేటు తీసింది. అక్కడికి ఆమె పని అయిపోయింది. బస్తా మోసేది మేం గదయ్యా. మమ్మల్ని ఎవరన్నా అడిగారా?"

ఆ ఆఖరి మాట పెద్దాయనకు ఎంత తగిలిందో నాకూ అంత తగిలింది. పందెం కాసిన మర్నాడు ఆవిడ కూతురు నన్ను అడిగిందీ అదే.

పెద్దాయనకు కోపం వచ్చింది. పక్క ఊరి నుంచి కూలీలను తెప్పిస్తానన్నాడు. ఆ మాట అంటున్నప్పుడే ఆయన గొంతు నీరసపడింది. కోతల కాలంలో మనుషుల కోసం రైతులు తెల్లవారుజామునే ఆటోలు పంపి బతిమాలుకునే సంగతి ఆయనకు తెలియనిది కాదు.

"తెప్పించుకోండి" అంది మేస్త్రమ్మ, గొంతు పెంచకుండా. "కోయాల్సిన ఆరెకరాలు కూడా వాళ్ల చేతే కోయించుకోండి."

ఆయన నా వైపు తిరిగాడు. "మీరన్నా చెప్పండి మేడం గారూ. మీ మాటకి విలువ లేదా?"

"నోరు మెదపనన్నానండీ" అన్నాను.

వెనకాల హెడ్మాస్టరు గారు దగ్గారు. ఈసారి అది దగ్గు కాదు, నవ్వు.

పెద్దాయన కాసేపు ట్రక్కు చుట్టూ తిరిగాడు. ఆయనకు నిజంగానే అర్థం కాలేదనుకుంటాను. ఆఖరికి మేస్త్రమ్మ ముందు నిలబడి, "ఇంటికి తిరిగొచ్చినోళ్ల కోసం ఇంత పంతమేందమ్మా? మూడుకి మూడూ ఓడిపోయారు గదా" అన్నాడు.

మేస్త్రమ్మ లేచి నిలబడింది. "ఓడారు. మేం చూశాం గదా, మూడూ చూశాం. మీరు ఒక్కటన్నా చూశారా? ఆ రెండో ఆటలో గోలు మీద గోలు పడతంటే ఒక్క పిల్ల కూడా ఆడటం మానలేదయ్యా. ఆఖరి నిమిషం దాకా పరిగెత్తారు. మా పిల్లలు కూడా ఓడతారో గెలుస్తారో మాకు తెలవదు. చీరాల పోయి ఓడితే ఓడి వస్తారు. ఈడ కాయ పోస్తే అసలు పోనే పోరు."

పాతిక మంది గోడ వెంబడి లేచి నిలబడ్డారు. నాకు మళ్లీ కళ్లనీళ్లు వచ్చాయి, ఈసారి చేతులు శుభ్రంగానే ఉన్నాయి కాబట్టి హాయిగా తుడుచుకున్నాను.

"ట్రాక్టరు వెనక్కి తిప్పవయ్యా" అన్నాడు పెద్దాయన డ్రైవరుతో. వెళ్లబోతూ నాతో, "మేడం గారూ, మీరు పందెం ఓడి కూడా గెలిచారండీ" అన్నాడు. ఆయన మంచితనం అది. నేను గెలవలేదని, నా తప్పును పాతిక మంది భుజాన వేసుకున్నారని ఆయనకు చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను. ఉద్యోగంలో మీ పిల్లల తరఫున ఎప్పుడైనా మాట ఇవ్వాల్సి వస్తే, ఇచ్చే ముందు వాళ్లను, వాళ్లమ్మలను ఒక్కసారి అడగండి. నాకంటే బాగా ఆలోచిస్తారు.

ఏప్రిల్లో మా పిల్లలు చీరాల వెళ్లి రెండు ఆటలు గెలిచి మూడోది ఓడారు. తల్లులు రెండు ఆటోలు కట్టుకుని వచ్చారు. తిరుగు దారంతా ఏ గోలు ఎవరి సాల్లోంచి వచ్చిందో తేల్చుకుంటూనే ఉన్నారు. అది కూడా మంచి రోజే. కానీ నేను గెలిచిన రోజు ఏదని అడిగితే నాకు గుర్తొచ్చేది ట్రాక్టరు వెనక్కి తిరిగిన ఆ రోజు సాయంత్రం.

పిల్లలు గ్రౌండులో ప్రాక్టీసు చేస్తున్నారు. చేను గట్టున కాయలు కప్పేసి మేస్త్రమ్మ ముఠా బడి మీదుగానే ఇంటికి వెళుతోంది. మేస్త్రమ్మ గేటు దగ్గర ఆగింది, లోపలికొచ్చింది. చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్లు బొడ్లో దోపి, "ఆ బంతి ఒకసారి ఇటు ఇయ్యండే. ఆ పిల్ల ఎక్కడి నుంచి కొట్టిందో నాకు గుర్తుంది" అంది. పిల్లలంతా గోలు ముందు నుంచి తప్పుకున్నారు. కూతురిని కూడా పక్కకు పొమ్మంది. ఖాళీ గోలే కావాలంది.

కాలెత్తి కొట్టింది. బంతి కొయ్య మీదుగా ఎగిరి, ప్రహరీ దాటి, రోడ్డు మీద పడింది.

ఎవరూ నవ్వడానికి ధైర్యం చేయలేదు. మేస్త్రమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు ఆ కొయ్య కేసి చూసింది. "పాపం" అంది చివరికి. "ఆ పిల్లని ఊరికే తిట్టాను."

కూతురు పరిగెత్తుకెళ్లి బంతి తెచ్చి, తల్లి కాళ్ల ముందు పెట్టి, పాదం పక్కభాగం చూపించి, "ఇక్కడితో తొయ్యమ్మా. పైకి లేపమాక" అంది. వెళ్లి గోలులో నిలబడింది. ఈసారి ఖాళీగా వదలనంది. గోడ మీద పాతిక తలలు. మేస్త్రమ్మ పైట బిగించుకుని, కూతురిని సూటిగా చూసి, బంతిని నేలమీద తోసింది. అది కూతురి చేతి కింద నుంచి దొర్లుకుంటూ వలలోకి వెళ్లింది. గోడ అవతల లేచిన అరుపు విని హెడ్మాస్టరు గారు బయటికి పరిగెత్తుకొచ్చారు. నేను విజిల్ నోట్లో పెట్టుకుని నాకు చేతనైనంత గట్టిగా ఊదాను.